బంతిలో చోటు

రాయపూర్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలోనే, అక్కడ పరిచయమైన అప్పలకొండ అన్న నన్ను ఇదంతా రాయమన్నాడు. రాయలేదు, అప్పటికి నాకు రాయడం రాదు. యాభై మూడేళ్లు వేలిముద్ర వేసి బతికిన మనిషిని. తర్వాత అక్షరాలు వచ్చాయి గానీ, రాయాలని కూర్చున్నప్పుడల్లా మొదటి నాలుగు నెలల దగ్గరే చెయ్యి ఆగిపోయేది. ఆ నెలల్లో నేను చేసిన పని అలాంటిది. పోయిన నెలలో ఆ సిగ్గు వదిలింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ముద్ద అడ్డం పడుతున్నా ఇంట్లో చెప్పకుండా నీళ్లతో నెట్టుకొస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా వాళ్ల కోసం.

మాది కిష్టారం దగ్గరి పల్లె. మా మామగారి కాలంలో భద్రాచలం దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సేద్యం పెట్టుకున్నాం. ఇంట్లో తెలుగు, ఊళ్లో దోర్లీ, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ. నాలుగూ మాట్లాడేదాన్ని, ఒక్కటీ చదవలేకపోయేదాన్ని. ఊళ్లో ఎక్కువమంది దోర్లలనే గిరిజనులు. మా కోడలు సుక్కి కూడా వాళ్ల పిల్లే. వాళ్ల పండుగలు మాకూ పండుగలే, వాళ్ల కట్టుబాట్లు మాకూ కట్టుబాట్లే.

వాటిలో ఒకటి మామిడి పండుం. పండుం అంటే పండుగ. చెట్టు నిండా కాయ ఉన్నా, పండుం జరిగేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. మా ఊరి పూజారిని పెర్మ అంటాం. ఆ ముసలాయన మొదటి కాయలు కోసి భూమికి పెట్టాలి. ఆ కాయలు పప్పులో వేసి వండాలి. ఊరంతా బంతిగా కూర్చుని తినాలి. ఆ తర్వాతే ఇళ్లలో కాయ తరగాలి. బంతికి ఇంకో కట్టుబాటు ఉంది. చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ ఆకు ముందు నుంచి లేవకూడదు.

మొదటి ఏడాది, ఎండాకాలం

ఆ ఏడు పండుంకు ఇంకా పది రోజులుందనగా మిరప తోటలో నేనొక్కదాన్నే ఉన్నాను. గట్టు మీది మామిడి చెట్టు నుంచి గాలికి ఒక కాయ రాలి నా కాళ్ల దగ్గర పడింది. జావలోకి తెచ్చుకున్న ఉప్పూ కారం కొంగున ఉన్నాయి. కాయను రాయి మీద కొట్టి, అద్దుకుని, టెంకతో సహా చప్పరించాను. నాలుక జివ్వుమంది. ఎవరూ చూడలేదు. ఇంత వయసొచ్చి చిన్నపిల్లలా దొంగతనం చేశానని నాలో నేనే నవ్వుకున్నాను.

పది రోజులకు బంతిలో కూర్చున్నాను. మూడో ముద్ద రొమ్ము వెనకాల ఆగిపోయింది. నీళ్లు తాగితే నీళ్లు కూడా దాని మీదే నిలబడ్డాయి. కళ్ల వెంట నీరు కారుతుంటే దగ్గు వచ్చినట్టు నటించి, పక్కకు తిరిగి అంతా కొంగులోకి వదిలేశాను. నాకు వెంటనే ఒకటే తోచింది. భూమి తల్లి నా గొంతు పట్టుకుంది.

అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్ గడ్డ అంతకు చాలా నెలల ముందే పుట్టి ఉంటుందని డాక్టర్ తర్వాత చెప్పారు. ఆలోచిస్తే అంతకు ముందు కూడా రొట్టె అడ్డం పడిన రోజులున్నాయి. కానీ అప్పుడు నాకు కాయ తప్ప ఇంకేదీ గుర్తు లేదు. ఎవరికైనా చెప్తే తప్పు బయటపడుతుంది. చెప్పకుండా నేనే సర్దుకోవాలనుకున్నాను. అన్నం మాని జావకు దిగాను. మంగళవారం మంగళవారం తోటలో ఆ చెట్టు కింద ఒక కోడిని వదిలి వచ్చేదాన్ని.

“ఏందే, కోళ్లు తగ్గుతున్నయ్?” అని అడిగాడు మా ఆయన.

“గద్ద ఎత్తుకపోతాంది.”

“మన ఊళ్ల గద్దలకు మంగళారమే ఆకలైతదా?”

నవ్వాను. అప్పటికి నా రవిక భుజాల నుంచి జారుతోంది.

మా సుక్కి మితానిన్, అంటే ఊళ్లో మందులిచ్చి అందరి ఆరోగ్యం చూసే పని ఆమెది. పిల్లల బరువులు రాసుకునే రోజు నన్ను కూడా మాటల్లో పెట్టి తూకం మీద నిలబెట్టింది. అంకె చూసింది. దింపి, మళ్లీ ఎక్కించింది.

“అత్తా, ఊరందరినీ తూచే నేను ఇంట్ల మనిషిని చూడలే. ఇయ్యాల నా ముంగట ఒక ముద్ద అన్నం తిను.”

తినలేకపోయాను. ఆమె ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత సంచి సర్దింది. అప్పటికే నాలుగు నెలలు పోయాయి. ముద్ద రెండు వారాల పాటు అడ్డం పడుతుంటే మూడో వారం ఇంట్లో ఉండొద్దని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేక కాదు, నేనే ఎవరికీ అవకాశం ఇవ్వలేదు.

దసరా ముందు

జగదల్‌పూర్‌లో నోట్లోంచి గొట్టం వేసి చూసి, రాయపూర్ పొమ్మన్నారు. మా ఆరోగ్య కార్డు చెల్లే పెద్దాసుపత్రి అక్కడే ఉంది. అంత పెద్ద హాలు నేనెన్నడూ చూడలేదు. వరసలు వరసలుగా ఇనప కుర్చీలు, ఎప్పుడూ మూయని తలుపొకటి, అందులోంచి హిందీలో నంబర్లు పిలిచే గొంతు. నా చేతిలో చీటీ ఉంది, అందులో ఏముందో నాకు తెలియదు. సుక్కి కాగితాల కోసం ఒక కిటికీ దగ్గర, మా ఆయన ఇంకో కిటికీ దగ్గర ఉన్నారు. ఎవరైనా లేచినప్పుడల్లా నా నంబరేనేమోనని నేనూ లేచేదాన్ని.

“ఓలమ్మా, అలగ లెగిసి కూకుంటా ఉంటే మోకాళ్లు అరిగిపోతాయి. ఇలగియ్యి ఆ సీటీ.”

వెనక కుర్చీలో అరవై దాటిన మనిషి. తలకు మఫ్లర్, ఒళ్లో బిస్కెట్ ప్యాకెట్. పేరు అప్పలకొండ. సొంతూరు శ్రీకాకుళం వైపు. కిరందుల్‌లో ఇనుప గనిలో పని చేసి, రిటైరై అక్కడే ఉండిపోయాడు. చీటీ చూసి, “నీ ముందింకా ఇరవై మంది ఉన్నారు, చెల్లెమ్మా,” అన్నాడు. తర్వాత ఒక బిస్కెట్ తీసి, నాకు కనబడేలా పైకెత్తి, కొంచెం కొరికి, మెల్లగా నమిలి మింగాడు. గారడీవాడిలా నోరు తెరిచి చూపించాడు.

“నాకూ అదే జబ్బు. ఆపరేషనయ్యి మూడేళ్లు. లోపల అన్నం దిగే గొట్టం లేదు, కడుపునే పైకి లాగి కుట్టీసినారు. అయినా సూడు, ఎలగ మింగుతున్నానో! ఇంకోటి మింగమంటావేటి?”

ఇంకోటి మింగించాను. ఇంకోటి కూడా. చాలా రోజుల తర్వాత ఒక మనిషి తినడం చూసి నాకు అసూయ కాకుండా సంతోషం కలిగింది. నాకు చావంటే పెద్ద భయం లేదు. మళ్లీ నలుగురితో కూర్చుని తినలేనేమోనన్నదే భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, కానీ ఆయన బిస్కెట్ కొరుకుతుంటే అదే అడుగుతున్నట్టు చూశాను.

లోపల డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, సుక్కి నాకు తెలుగులో చెప్పింది. ముందు కరెంటు, అంటే రేడియేషన్, దాంతోపాటు మందు. రెండు నెలలు ఆగి ఆపరేషన్. ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వెయ్యమని ఇంకు డబ్బా జరిపారు. వెయ్యనన్నాను.

తప్పు తీరకుండా కోస్తే ఏం లాభమని నా ఆలోచన. కారణం మాత్రం చెప్పలేదు. డాక్టరమ్మ అడిగింది, సుక్కి బతిమాలింది. మా ఆయన హాల్లోకొచ్చి గోడకానుకుని, “మా ఇద్దర్ని ఇంతదూరం తీస్కొచ్చి గిట్ల జేస్తవా,” అని నా మొహం చూడకుండా అన్నాడు. ఇంటికొచ్చే దారంతా ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం.

మూడో రోజు పొద్దున అప్పలకొండ అన్న సుక్కి ఫోనుకు చేశాడు. ఎప్పుడు తీసుకున్నాడో నంబర్! పెరట్లోకి వెళ్లి మాట్లాడాను. ఊరి మనిషి కాడు కాబట్టి నోరు వచ్చింది. మామిడికాయ సంగతి మొత్తం చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను.

“నానూ ఇలాటిదే ఒకటి పట్టుకుని కూకున్నాను చెల్లెమ్మా,” అన్నాడు. “మా నాన్న పోయిన్రోజు డ్యూటీ వొదల్నేదు. ఆయన ఉసురే తగిలిందనుకున్నాను. మా ఆవిడక్కూడా సెప్పనేదు. గడ్డకి ఇయ్యన్నీ ఏటి తెలుస్తాది? నువ్వు సేసింది తప్పే అనుకుందాం. ఎల్లి ఆ పెద్దాయనకి సెప్పుకో. మరి గడ్డ ఆయన తియ్యలేడు కదా. దానికి రాయపూర్ రా.”

సుక్కిని వెంటబెట్టుకుని పెర్మ ఇంటికి పోయాను. దారిలో ఆమెకు చెప్తే, నడిచేది ఆగి, “ఒక్క కాయకా ఇంత?” అంది. పెర్మ వాకిట్లో తాడు పేనుతున్నాడు. తల దించుకుని చెప్పాను. ఆయన తాడు పక్కన పెట్టాడు.

“ఉప్పూ కారం పెట్టుకున్నవా?”

“పెట్టుకున్న.”

“అట్లయితే మంచిగనే తిన్నవ్.” నవ్వితే ఆయనకున్న రెండు పళ్లూ కనిపించాయి. “ఈ ఊళ్ల కాయ దొంగతనంగ తిననోళ్లెవరు, రాజమ్మా? అందరి గొంతులు పట్టుకుంటే నాకు కల్లు పోసేటోళ్లే ఉండకపోదురు.”

అయినా ఆయన నవ్వుతో సరిపెట్టలేదు. నాలుగు బియ్యపు గింజలు నేల మీద పెట్టి, నా పేరు చెప్పి, ఏదో అడిగి, వాటిని కోడికి వేశాడు. “తీరిపోయింది. బస్సు పొద్దుగాల్నే ఉన్నది. పండుంకు నీ ఆకు ఏసే ఉంచుతం,” అన్నాడు. ఈసారి బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కున్నాం.

చలికాలం

కరెంటు పెట్టిన ఐదు వారాలూ ధర్మశాలలో ఒక గదిలో ఉన్నాం. మా ఆయన జీవితంలో మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్నాడు. మొదటి రోజు జావ అడుగంటింది. రెండో రోజు గడ్డకట్టింది. మూడో రోజు పక్కగదిలో ఉండే కొండగావ్ ఆమె గిన్నె లాక్కుంది. ఆమె భర్తకు నోటి జబ్బు. గంజి మూడుసార్లు వడకట్టి నాకు పంపేది, మా ఆయనకు తిట్లు పంపేది. ఆయన హల్బీ అంతా ఆ తిట్లతోనే బాగుపడింది.

నొప్పి గురించి ఎక్కువ రాయను. లోపల కాలినట్టుండేది, ఉమ్మి మింగడానికి కూడా ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చేది. ఒకరోజు ఇక చాలు, ఇంటికి పోదామన్నాను. ఆ పూట అప్పలకొండ అన్న వాళ్ల ఫోన్ గ్రూపులో నన్ను చేర్చాడు. నాలాంటి వాళ్లు పన్నెండు మంది, కొందరు హిందీవాళ్లు, కొందరు తెలుగువాళ్లు. పేరు ‘ముద్ద బ్యాచ్’. పొద్దున లేస్తే ఎవరు ఏం తిన్నారో ఫొటో పెట్టడమే వాళ్ల పని. సగం ఇడ్లీకి పెళ్లిభోజనం అంత మర్యాద. ఒకాయన ఆరు నెలల తర్వాత ఉప్మా తిన్నాడని అందరూ చప్పట్లు పంపారు. నేనూ ఫోన్ పట్టుకుని నవ్వాను. ఇంకో వారం ఉంటానన్నాను.

ఆపరేషన్ తర్వాత

ఫిబ్రవరిలో ఆపరేషనైంది. కళ్లు తెరిచేసరికి ఒంటి నిండా గొట్టాలు. ఒక ఆయా నా జుట్టులో మిగిలినంత దువ్వి, సన్న జడ వేసి, చివర గాజుగుడ్డ ముక్క కట్టింది. అద్దం చూపించి, “హీరోయిన్,” అంది. ఆమె పేరు అడగలేకపోయాను, ఎందుకంటే నా గొంతు పోయింది. గాలి ఊదినట్టు వచ్చేది తప్ప మాట వచ్చేది కాదు. కొన్ని నెలల్లో వస్తుందన్నారు.

పొట్టలో పెట్టిన గొట్టంతోనే సుక్కి పాలు, జావ పోసేది. అది నాకు పెద్ద కష్టంగా అనిపించలేదు. కష్టమంతా గ్రూపుతోనే వచ్చింది. అప్పటిదాకా మాట రికార్డు చేసి పంపేదాన్ని. ఇప్పుడు పంపితే, “గాలి వస్తోంది, ఫ్యాన్ ఆపమ్మా,” అని జవాబొచ్చేది. ఫ్యాను కాదు, నేనే!

అప్పలకొండ అన్నకు సంగతి అర్థమైంది. మర్నాటి నుంచి రోజూ పలక మీద ఒక అక్షరం రాసి, పక్కన తినేదేదో పెట్టి, ఫొటో పంపేవాడు. బడిలో చెప్పే వరసలో కాదు. ముందు ‘ఇ’, పక్కన ఇడ్లీ. తర్వాత ‘జా’, పక్కన జావ. ‘అ’కు అరటిపండు. అన్నం పెట్టొచ్చు కదా అని సుక్కి అడిగితే, “మింగలేనిదాన్ని రాసి ఊరించకూడదు,” అన్నాడట. నేను మంచం మీద దిండ్లకానుకుని వేలితో దుప్పటి మీద దిద్దేదాన్ని. సుక్కికి హిందీ అక్షరాలే వచ్చు. నాతోపాటు ఆమె కూడా తెలుగు దిద్దింది, నాకన్నా వంకరగా.

నోటితో తినడం మొదలైన వారంలో నా చేత్తో మొదటి మాట టైపు చేసి పంపాను: ‘ఇడ్లీ సగం.’ పన్నెండు మందీ ఫోన్లు చేశారు. మాట్లాడలేను కదా, అందరూ నా ఊపిరి విని పెట్టేశారు.

ఆ ఏప్రిల్‌లో పండుం వచ్చింది. పెర్మ ఇచ్చిన మాట ప్రకారం నా ఆకు వేశారు. పొట్టలో ఇంకా గొట్టం ఉంది. దూరంగా గోడ పక్కన నిలబడి, ఖాళీ ఆకును కాసేపు చూసి, ఇంటికొచ్చేశాను.

గొట్టం తీసేశాక కూడా నలుగురిలో భోజనానికి కూర్చోలేదు. దానికి కారణాలున్నాయి. నేను ఇప్పుడు చిన్న చిన్నగా రోజుకు ఏడుసార్లు తినాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక వంగితే అంతా పైకి వస్తుంది. తేన్పులు వస్తాయి, పెద్దగానే. ఒకసారి పెళ్లిలో హల్వా కదా అని నాలుగు చెంచాలు తింటే, గుండె దడదడలాడి, చెమటలు పట్టి, పెళ్లికూతురి మంచం మీదే పడుకోవాల్సి వచ్చింది. తీపి అలా చేస్తుందని తర్వాత గ్రూపులో చెప్పారు. ఇలాంటివన్నీ వాళ్లే నేర్పారు. తలవైపు ఎత్తు పెట్టుకోవడం, వంగకుండా గొంతుకూర్చుని పని చేయడం, ముద్ద ఆగితే భయపడకుండా నిటారుగా కూర్చుని వంద లెక్కపెట్టడం. అన్నీ నేర్చుకున్నాను, గిన్నె పట్టుకుని ఇంటి వెనకాలే తిన్నాను. ఏడాదంతా నా భోజనం నేనూ, గోడా.

ఈ ఏడాది

మార్చిలో పరీక్షలు చేసి డాక్టరమ్మ, “సబ్ ఠీక్ హై. ఛే మహీనే బాద్ ఆనా,” అంది. అంతా బాగుంది, ఆరు నెలలకు రమ్మని. కాగితం మీద ఈసారి సంతకం చేశాను. ఆ కలం నాకే ఇచ్చేసింది.

పండుం రోజు ఆడవాళ్ల బంతి మొదలైంది. నేను వడ్డించేవాళ్ల వెనకాల నిలబడ్డాను. సుక్కి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“అత్తా, రా. ఆకు ఏసిన.”

“నాకు గంట పడతది. అందరూ కూసుని చూడాలె నన్ను. వద్దు.” గొంతు అప్పటికి తిరిగొచ్చింది, కొంచెం బొంగురుగా.

పెర్మ విన్నాడు. “గంటనే కదా. నీ ఆకు ఏడాది ఆగింది,” అన్నాడు.

కూర్చున్నాను. అడ్డాకు విస్తరిలో నిమ్మకాయంత అన్నం ముద్దలు, మామిడికాయ పప్పు. మెత్తగా పిసికి మొదటిది పెట్టుకున్నాను. పులుపు నాలుకకు తగిలింది. దిగింది. రెండోది దిగింది. పక్కవాళ్లు అప్పటికే సగం తినేశారు. మూడోదానికి బంతి మొత్తం చేతులు ఖాళీ చేసి కూర్చుంది, నా ఆకులో ఇంకా ఐదు ముద్దలున్నాయి.

“ఓ పెద్దమ్మా, మెతుకు మెతుకుకూ పేరు పెట్టి పిలుస్తున్నవా ఏంది?” అంది చివరనున్న పిల్ల ఒకతి.

“నా చెయ్యి ఎండి కర్రయింది,” అంది ఇంకొకామె.

“కర్రయితే పొయ్యిల పెట్టు, పప్పు వేడి జేస్కుంట,” అన్నాను. బంతి అంతా విరగబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ నవ్వుకే నాలుగో ముద్ద ఆగిపోయింది.

అందరికీ తెలిసింది. నిటారుగా కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎదుటి మగవాళ్ల బంతిలో మా ఆయన కూడా లేవకుండా కూర్చుని ఉన్నాడు. “నిదానంగ కానీ. నాకేం పనిలేదు,” అన్నాడు అందరికీ వినబడేలా. డెబ్బై దగ్గర ముద్ద కదిలింది. డెబ్బై ఐదుకు దిగింది. తేన్పు వచ్చింది, ఊరంతా విన్నది.

“దిగింది!” అని ఎవరో అరిచారు. ఆ తర్వాత ఒక్కో ముద్దకూ బంతి లెక్కపెట్టింది. నాలుగున్నయ్! మూడున్నయ్! చిన్నపిల్లలకు అదో ఆటైపోయింది. ఆఖరు ముద్ద మింగి ఆకు మడిచాను. పెర్మ చెయ్యెత్తాడు. నూట యాభై మంది ఒక్కసారి లేచారు, మోకాళ్లు టపటపలాడాయి.

“వచ్చేసారి ఈమెకు పొద్దుగాల్నే ఆకెయ్యాలె,” అంది చెయ్యి కర్రయినామె. వచ్చేసారి అన్న ఆ మాట నాకు పప్పుకన్నా రుచిగా ఉంది.

ఇంటికొచ్చి గ్రూపులో రాశాను: ‘పప్పన్నం. ఎనిమిది ముద్దలు. బంతిలో.’ అప్పలకొండ అన్న జవాబు పెద్దదిగా ఉంటుందనుకున్నాను. ఆయన ఏమీ రాయలేదు, ఫోన్ చేసి ఊరికే ముక్కు చీదుతూ కూర్చున్నాడు. ఈసారి నేను ఆయన ఊపిరి విన్నాను.

మర్నాడు పొద్దున్నే జావ టిఫిన్‌లో పోసుకుని, బుట్ట తీసుకుని, ఇప్పచెట్ల కిందికి పోయాను. వంగకుండా గొంతుకూర్చుని, మెల్లగా జరుగుతూ, అందరిలో సగం పూలు ఏరాను. ఎండ ముదిరాక ఆడవాళ్లంతా నీడలో గుండ్రంగా కూర్చుని గిన్నెలు విప్పారు. నేను ఆ గుండ్రం దగ్గరికి వెళ్లి, “కొంచెం జరగండే,” అని, మధ్యలో కూర్చుని నా టిఫిన్ మూత తీశాను.